మొదటి వరస

కర్నూలు,
జూలై 2

తమ్ముడు కుమార్‌కు,

కవరు చింపకముందే నవ్వుకుని ఉంటావు, ఈ కాలంలో అక్క ఉత్తరం రాసిందేమిటని. నవ్వుకో. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడి అమ్మాయి కూడా నన్ను ఎగాదిగా చూసింది. నీకు ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. కానీ నేను రాయబోయేది మీ కంపెనీ గురించి. మా ఇంటికి ఉన్నది కూడా మీ కంపెనీ నెట్టే, పెట్టించింది నువ్వే. మీ తీగ మీద మీ మీదే ఫిర్యాదు పంపేటంత అమాయకురాలిని కాను. మీ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఎవరు ఏం చదువుతారో నాకేం తెలుసు?

నల్లగుట్టపల్లె చర్చి హాలులో నా క్లాసు సంగతి నీకు తెలిసిందే. రాయచోటి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వినికిడి లేని పిల్లలు ఏడుగురు అక్కడికి వస్తారు. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేను ఇక్కడ కెమెరా ముందు నిలబడి సైగల భాషలో పాఠం చెప్తాను, వాళ్ళు అక్కడి నుంచి సైగలతో జవాబిస్తారు. రెండేళ్ళు ఏ తంటా లేకుండా నడిచింది. జూన్ మధ్య నుంచి వీడియోలో వాళ్ళ బొమ్మ విరిగిపోతోంది. నా బొమ్మ వాళ్ళకు చక్కగా అందుతోందట, వాళ్ళ బొమ్మే నాకు ముక్కలై వస్తోంది. చెయ్యి ఛాతీ దగ్గర బయలుదేరుతుంది, నడుమ మాయమవుతుంది, మళ్ళీ నుదుటి దగ్గర తేలుతుంది. మాటల్లో ఒక ముక్క పోయినా వినేవాళ్ళు అతికించుకుంటారు. సైగలో నడుమ ముక్క పోతే ఏం చెప్పారో పట్టుకోలేం. గంటకు ఇరవైసార్లు "మళ్ళీ చెప్పు" అంటున్నాను.

నా బాధంతా నిస్సీ గురించి. హాలు చూసుకునే జీవమ్మ కూతురు. తల్లి పొద్దున టమాటా తోటల్లో కూలికి పోతుంది, సాయంత్రం హాలు తలుపు తీస్తుంది. నిస్సీకి పదహారేళ్ళు, చేతిలో పెన్సిల్ పెడితే ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్టు దింపేస్తుంది. హైదరాబాదులో బధిరుల కాలేజీలో చిత్రలేఖనం డిప్లొమాకు ఆగస్టు తొమ్మిదిన ఇంటర్వ్యూ ఉంది. ఆ హాలు నుంచే, వీడియోలోనే, సైగల్లోనే. గట్టెక్కితే హాస్టలు, చదువు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. గట్టెక్కకపోతే తల్లి వెంట తోటకు పోవాలి.

ఇప్పుడు అసలు మాట. మీ కంపెనీ ఓనరు హర్షవర్ధన్ సారు రాయచోటిలో డిజిటల్ బడి పెడుతున్నాడు కదా. మార్చిలో ఆయన మనుషులు వచ్చి ఈ చర్చి హాలు అద్దెకు అడిగారు. సంఘ పెద్ద ఆనందంగారు ఇవ్వమన్నారు, అంటే ఇవ్వము అన్నారు. జూన్‌లో మా బొమ్మ విరగడం మొదలైంది. ఊరికే అనుమానపడుతున్నానంటావా? పద్నాలుగేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. ఏ బెంచీ నుంచి సుద్దముక్క వచ్చిందో వెనక్కి తిరగకుండానే చెప్తాను.

ఆయన ఉప్పు తింటున్నావు, నీ ఇబ్బంది నాకు తెలుసు. అయినా నిజం రాయి. ఉత్తరంలోనే రాయి.

అక్క,
జ్ఞానమణి


కడప,
జూలై 9

అక్కకు వందనాలు.

నీ కవరు చూసి ఆఫీసులో అందరూ కోర్టు నోటీసు అనుకున్నారు. మా వాచ్‌మన్ తిమ్మయ్య దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, "ఏమప్పా, యాడన్నా సాక్షి సంతకం పెట్టినావా?" అని అడిగాడు. మా దగ్గర ఎవరి మెసేజీలూ ఎవరూ చదవరు. చదివే తీరికే ఉంటే ఈ జవాబు వారం ఆలస్యంగా ఎందుకు రాస్తాను?

చుట్టాలందరికీ నన్ను "నెట్టు బాగుచేస్తాడు" అని పరిచయం చేస్తావు. అది కాదక్కా నా పని. నా పని వరసలు పెట్టడం. నీ పాఠం, పక్కింటాయన సినిమా, వాళ్ళావిడ ఫోన్ మాటలు, అన్నీ ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా మారి ఒకే తీగలో వస్తాయి. రాయచోటి నుంచి కడపకు ఉన్న తీగ ఒక్కటే. అందరూ ఒకేసారి మీద పడితే ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చేది నేను రాసిన నియమాలు. మొత్తం మూడు వరసలు. మొదటిది ఫోన్ మాటలకు, అవి క్షణం కూడా ఆగకూడదు. రెండోది వీడియో పాఠాలకు, డాక్టర్ల వీడియోలకు. మూడోది మిగతా అన్నిటికీ. సినిమా దింపుకునేవాడు రెండు నిమిషాలు ఆగితే కొంప మునగదు.

హర్షవర్ధన్ సారుకు క్వారీ ఉంది, బడి ఉంది, రాజకీయం ఉంది. ఈ వరసల సంగతి ఆయనకు తెలియదు. ఏ లైనును తొక్కిపెట్టాలన్నా నా చేతుల మీదుగా జరగాలి. నా చేతుల మీదుగా నీకు చెరుపు జరుగుతుందా? నీ లైనుకు ఏ లోటూ రాకుండా చూసుకునే మనిషి ఒకడు ఇక్కడున్నాడు. అంతవరకే చెప్తాను, ఇంకేమీ అడగకు.

నీ తృప్తి కోసం పరీక్ష కూడా చేశాను. ఒక చిన్న ప్యాకెట్ పంపి, అది తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తాం. మా కంపెనీ లైన్లన్నిటిలోకీ అందరికన్నా ముందు జవాబిచ్చింది మీ హాలు లైనే. ఈ ముక్క జీవమ్మకూ పిల్లలకూ కూడా చెప్పు, ధైర్యంగా ఉంటారు.

ఇక నా అనుమానం చెప్తాను, కోప్పడకు. జూన్ పదమూడున కొత్త పెట్టె బిగించడానికి నేనే హాలుకు వెళ్ళాను కదా. జీవమ్మ సంగటీ చెనిక్కాయల పచ్చడీ పెట్టింది. అప్పుడు చూశాను, హాలు గోడకు ఆనుకుని చర్చివాళ్ళదే ఒక గది ఉంది. అందులో చిన్న ఈరన్న అనే ఆయన సెల్‌ఫోన్ రిపేరు అంగడి పెట్టుకున్నాడు. ఎప్పుడు చూసినా నలుగురైదుగురు అక్కడ వీడియోలు చూస్తూ కూర్చుంటారు. ఫోన్లు విప్పి బిగించే మనిషికి పక్కగది పాస్‌వర్డు ఒక లెక్కా? నేను నింద వేయడం లేదు. మీ ఇల్లు మీరు సర్దుకుని తర్వాత మా కంపెనీ మీదికి రండి అంటున్నాను.

నీ తమ్ముడు,
ఏసుకుమార్


కర్నూలు,
జూలై 25

కుమార్‌కు,

నువ్వు రాసింది ముల్లులా గుచ్చుకుంది. ఈరన్న మంచివాడే అనుకుంటూ వచ్చాను. మంచివాడే అన్న మాటలో ఆ "ఏ" ఎందుకు వచ్చిందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

పాస్‌వర్డు మార్పించాను. మరునాడు మళ్ళీ విరిగింది. ఏమైందని అడిగితే, నిస్సీ ట్యాబు బిగుసుకుపోతే జీవమ్మ దాన్ని ఈరన్నకే ఇచ్చి బాగుచేయించిందట. కొత్త పాస్‌వర్డు ఆ ట్యాబులోనే ఉంది కదా! ఇంటి తాళంచెవి మనమే ఆయన చేతిలో పెట్టాం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆనందంగారికి ఫోన్ చేసి, నెట్టు కంపెనీవాళ్ళే ఇలా అంటున్నారని చెప్పాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఈరన్నను పిలిపించారు. జీవమ్మ అక్కడే ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"నాలుగు మార్లు మీ పిల్లోళ్ళ ట్యాబులు బాగుచేసినా. ఒగ రూపాయి ముట్టుకోలేదు. ఇప్పుడు దొంగోన్నంటాండారా?" అన్నాడట ఈరన్న.

"అంటాండేది నేను కాదప్పా. కడప ఆఫీసోళ్ళు అంటాండారు."

"ఆఫీసోళ్ళు యాడ చూసినారు? వచ్చి నా అంగట్లో చూడమను."

ఎవరూ రాలేదు. మూడు రోజుల్లో గది ఖాళీ చేశాడు. రాయచోటి బస్టాండు పక్కన గొడుగు కింద బల్ల వేసుకున్నాడట.

ఆ తర్వాత రెండు రోజులు నిస్సీ నా ఎదురుగా కూర్చుని జీవమ్మ బొమ్మ వేసింది, మిగతా పిల్లలు చూశారు. వీడియో ఒక్కసారి కూడా విరగలేదు. పీడ పోయిందనుకున్నాను. కొంచెం సిగ్గుగా కూడా ఉంది, ఇన్నాళ్ళు మీ సారును తిట్టుకున్నందుకు. సిగ్గు కొంచెమే. ఆయన మీద నా అనుమానం పూర్తిగా పోలేదు. తొమ్మిదో తేదీన లైను మీద ఒక కన్ను వేసి ఉంచు.

అక్క


కర్నూలు,
ఆగస్టు 11

కుమార్,

ఇంటర్వ్యూ పోయింది.

నేను కూడా ఇక్కడి నుంచి చూశాను, చూడనిచ్చారు. కాలేజీవాళ్ళు ముగ్గురు. మొదట ఊరు, పేరు, తల్లిదండ్రుల గురించి అడిగారు. పిల్ల సైగ చేస్తోంది, అవతల బొమ్మ ముక్కలవుతోంది. మళ్ళీ చెప్పమన్నారు. చెప్పింది. మళ్ళీ అన్నారు. పదకొండుసార్లు లెక్కపెట్టాను. బొమ్మలు వేయడం ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావు అని అడిగేసరికి ఏం చేసిందో తెలుసా? చేతులు ఒళ్ళో పెట్టుకుని తల దించుకుంది. ఇక ఎత్తలేదు. విచిత్రం ఏమిటంటే, అలా తల దించుకుని కూర్చున్న ఆ పిల్ల బొమ్మ మాత్రం అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు.

వాళ్ళు మంచివాళ్ళు. లైను బాగుచేయించుకోండి, నవంబరు పద్నాలుగున మిగిలిన సీట్లకు మళ్ళీ పిలుస్తాం అన్నారు. అదే ఆఖరు అవకాశం. అప్పుడూ ఇలాగే ఉంటే పిలవరు.

ఈరన్న పోయి పదిహేను రోజులు దాటింది. బొమ్మ ఇంకా విరుగుతోంది. ఇప్పుడు ఎవరిని ఖాళీ చేయించమంటావు? పక్కన చర్చి ఉంది, అందులో పాస్టరుగారు ఉన్నారు. ఆయనను పంపించమంటావా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంకెంతకాలం పక్కగదుల మీద చెప్తావు?

ఇవాళ్టి నుంచి ఎప్పుడు విరిగింది, ఎలా విరిగింది అన్నీ ఒక నోటుబుక్కులో రాయమన్నాను. జీవమ్మ చెప్తుంది, నిస్సీ రాస్తుంది. ఇక నేను మనుషుల మాట నమ్మను.

జ్ఞానమణి


కడప,
ఆగస్టు 21

అక్కకు,

ఉత్తరం అందింది. నిస్సీ విషయం తెలిసి బాధపడ్డాను.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మీ ఊరి స్తంభం మీది పెట్టె ఎండకు వేడెక్కి ఉండవచ్చు. ఉడతలు కూడా తీగ కొరుకుతాయి. మనిషిని పంపిస్తాను. నవంబరుకు ఇంకా చాలా రోజులుంది, కంగారు పడకు. అన్నీ సర్దుకుంటాయి.

నోటుబుక్కు అదీ ఎందుకు, పిల్లకు చదువుకునే టైము పాడవుతుంది.

ఉంటాను.

ఏసుకుమార్


కర్నూలు,
సెప్టెంబరు 3

కుమార్‌కు,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ రాలేదు. తిమ్మయ్య లేడు, ఎగతాళి లేదు, నా మీద ఒక్క విసురు లేదు. కింద "నీ తమ్ముడు" అని కూడా లేదు. చిన్నప్పుడు అమ్మ దాచిన బెల్లం తిన్న రోజున కూడా నువ్వు ఇంతే మర్యాదగా మాట్లాడేవాడివి.

పైగా నోటుబుక్కు వద్దన్నావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. అందుకే దాన్ని తెప్పించుకుని కూర్చుని చదివాను. నిస్సీ రాత ముద్దుగా ఉంటుంది.

సాయంత్రమే కాదు, ఆదివారం పొద్దున ఆరింటికి పెట్టి చూశారు. ఊరంతా నిద్రలో ఉన్నా విరిగింది. అంటే జనం ఎక్కువై విరగడం లేదు. మిగతా ట్యాబులన్నీ ఆపేసి ఒక్కటే పెట్టినా విరిగింది. అంటే ఎవరూ దొంగిలించడం లేదు. మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజూ విరిగింది. నీ ఎండ సంగతి తేలిపోయింది. మీ మనిషి వచ్చి స్తంభమెక్కి తీగ చూశాడు, ఉడత పన్ను ఒక్కటీ పడలేదన్నాడు. కెమెరా మూసి జీవమ్మ నాతో అరగంట మాట్లాడింది. ఒక్క అక్షరం పోలేదు. కెమెరా పెట్టి కదలకుండా కూర్చుంటే బొమ్మ నిలబడుతుంది. చేతులు గబగబా కదిపితేనే విరుగుతుంది. చెవులు వినపడని పిల్లలకు మాటలు మాత్రం బ్రహ్మాండంగా పోయే లైను ఎవరు ఇచ్చారు నాయనా?

ఇంకొకటి. ఇది మొదలైన రోజు నా హాజరు పట్టీలో రాసి ఉంది, ఆ రోజు పాఠం సగంలో ఆపేశాను. జూన్ పద్నాలుగు. నువ్వు వచ్చింది పదమూడున.

నీ మీద అనుమానం పడటం నాకు ఎంత కష్టంగా ఉందో రాయలేను. హర్షవర్ధన్‌ను అనుమానించినప్పుడు హాయిగా నిద్రపోయాను. ఈ వారం రోజులుగా నిద్ర లేదు. ఏం చేశావు కుమార్? ఎవరు చేయించారు?

అక్క


కడప,
సెప్టెంబరు 14

అక్కా,

ఎవరూ చేయించలేదు. నేనే చేశాను. నీ మంచికనే చేశాను, అదే ఇక్కడ చిక్కు.

జూన్ పదమూడున మీ హాలులో కూర్చుని ఆ పిల్లలను చూశాను. మా అక్క క్లాసు, అక్క ఇంత కష్టపడుతోంది, నేను ఈ కుర్చీలో ఉండి ఏం లాభం అనిపించింది. కడపకు వచ్చి మీ లైను మొత్తాన్ని మొదటి వరసలో పెట్టేశాను. ఏ లైనునూ మొత్తంగా అందులో పెట్టకూడదన్నది మా నియమం. కొత్త పెట్టె బిగించిన మార్పుల్లో కలిపేస్తే ఎవరూ చూడలేదు. మనవాళ్ళకు ముందు కుర్చీ వేయడం మన ఇళ్ళల్లో అలవాటే కదా. పెళ్ళిలో మొదటి పంక్తిలో కూర్చోబెట్టినంత తేలిగ్గా చేసేశాను.

మొదటి వరస అందరికన్నా ముందు పోతుంది, నిజమే. కానీ ఆ దారి సన్నది. సన్నగా ఉంచకపోతే ఆ వరసవాళ్ళే తీగంతా ఆక్రమిస్తారు, వెనకవాళ్ళ వంతు ఎప్పటికీ రాదు. అందుకే ఒక్కో లైనుకు ఇంతే అని కొలత పెడతాం. మాటలకు ఆ కొలత చాలు. కొలత దాటిన ప్యాకెట్లను ఆపి నిలబెట్టం, అక్కడికక్కడే పారేస్తాం, ఎందుకంటే ఆలస్యంగా చేరిన మాట ఎవరికీ పనికిరాదు. అంబులెన్సు కోసం వదిలిన సందులోకి నేను టమాటా లారీని తోలాను. మనిషి కదలకుండా కూర్చుంటే వీడియోలో కొత్తగా పంపాల్సింది తక్కువ, కొలతలో ఇమిడిపోతుంది. చేతులు కదిలితే ప్యాకెట్లు పెరుగుతాయి, మిగిలినవి పోతాయి. హాలు నుంచి బయటికి వచ్చే దిక్కులోనే ఈ కొలత ఉంది, అందుకే నీ బొమ్మ వాళ్ళకు బాగా వెళ్ళింది. నేను గొప్పగా చెప్పుకున్న పరీక్షలో పంపింది ఒక చిన్న ప్యాకెట్. అది దర్జాగా ముందు వెళ్ళి ముందు వచ్చింది.

రెండో మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇది నాకు తెలిసింది ఇవాళ కాదు. తల దించుకుని కూర్చుంటే బొమ్మ స్పష్టంగా ఉందని నువ్వు రాశావు చూడు, ఆ ఉత్తరం చదువుతుండగానే తెలిసిపోయింది. ఆగస్టు పదమూడు. నెల రోజులు నోరు మూసుకున్నాను. పెట్టడం దొంగతనంగా పెట్టాను కానీ తీయాలంటే విడిగా కారణం రాయాలి, కింద నా పేరు పడుతుంది, సారు బల్ల మీదికి పోతుంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయి, నీకు ఉడతల కథ చెప్పాను. ఆ నెల రోజులూ పిల్లల చేతులు విరుగుతూనే ఉన్నాయని తెలుసు.

నిన్న మధ్యాహ్నం కారణం రాసి, మీ లైనును అందరితోపాటు మామూలు వరసల్లోకి మార్చాను. కాగితం తీసుకుని నేనే సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి నవ్వాడు.

"మనోళ్ళకు మనం చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారప్పా? దీనికి నువ్వు చేతులు కట్టుకోని నిలబడేదేముండాది?" అన్నాడు. తర్వాత, "అట్లయితే మా బడి లైను గూడా ఆ మొదటి వరసలోనే పెట్టు" అన్నాడు.

"వద్దు సార్, పెడితే విరిగిపోతాది."

"ఓహో. మీ అక్కకైతే మంచిది, నాకైతే చెడ్డదా?"

ఇప్పుడాయన, మంచి వరసను నీకోసం దాచిపెట్టానని నన్ను ఒక కంట కనిపెడుతున్నాడు. ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే నీకు ముఖం చూపించడం ఇంతకన్నా తేలికయ్యేదేమో.

కుమార్


కర్నూలు,
సెప్టెంబరు 26

కుమార్‌కు,

బొమ్మ బాగుంది. పది రోజులుగా ఒక్కసారి కూడా విరగలేదు. అందరితోపాటు నిలబెడితే అంతా సరిపోయింది.

నువ్వు లైను మార్చి పెట్టినందుకు నాకు కోపం లేదు. నీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని, ఇంకో పదిమందికి చెప్పుకునేదాన్ని కూడా. ఆ నెల రోజుల మౌనానికి మాత్రం కోపం ఉంది. అది ఎప్పుడు పోతుందో నాకు తెలియదు, పోయిందని అబద్ధం రాయను.

ఈరన్న సంగతి చూడాలి కదా. పేరు చెప్పింది నువ్వు, కానీ ఆనందంగారికి ఫోన్ చేసింది నేను. అందుకని మొన్న ఆదివారం నల్లగుట్టపల్లె వెళ్ళి ఆరాధన అయ్యాక లేచి నిలబడ్డాను. ఈరన్న ఏ తప్పూ చేయలేదని, తప్పు మా ఇంటిదని చెప్పాను. ఆనందంగారి ముఖం నల్లబడింది. తర్వాత ఇద్దరం బస్సెక్కి రాయచోటి బస్టాండు దగ్గరికి పోయాం. ఈరన్న గొడుగు కింద ఏదో ఫోను విప్పుతున్నాడు. గది మళ్ళీ తీసుకోమని ఆనందంగారు అడిగారు.

"తప్పు యాడుందో తెలిసింది గదా, సంతోషం," అన్నాడు. "గదికి మాత్రం రాను సార్. రేపు ఇంగేమన్నా చెడిపోతే మొదట నా పక్కకే చూస్తారు."

నిజమే కదా, చూస్తాం.

నువ్వు రెండు పనులు చేయాలి. ఈరన్న దగ్గరికి నీ కాళ్ళతో నువ్వు వెళ్ళాలి. నవంబరు పద్నాలుగున ఆ హాలులో ఉండాలి. పిల్లలకు నేనేమీ చెప్పలేదు. జీవమ్మకు తెలుసు, చెప్పవద్దన్నాను. నిస్సీకి నువ్వే చెప్పాలి, ఇంటర్వ్యూ అయ్యాక చెప్పాలి. ముందే చెప్తే ఆ రోజు దాని మనసు చెదురుతుంది.

అక్క


కడప,
నవంబరు 16

అక్కా,

పద్నాలుగో తేదీ పొద్దున ముందు రాయచోటిలో దిగాను. ఈరన్న బల్ల ముందు నిలబడ్డాను. తలెత్తకుండానే, "కడప ఆఫీసోళ్ళంటే నువ్వేనా?" అన్నాడు. నేనేనన్నా, తప్పయింది అన్నాను. "సరే, పోయిరాప్పా. పని ఉండాది," అన్నాడు. పావుగంట నిలబడ్డాను. ఆయన ఇంకో ఫోను విప్పడం మొదలుపెట్టాడు. వచ్చేశాను.

ఇంటర్వ్యూ నువ్వు అక్కడి నుంచి చూశావు కాబట్టి మళ్ళీ రాయను. నేను హాలు వెనక బెంచీలో కూర్చుని కంపెనీ ఫోనులో లైను చూస్తూ ఉన్నాను. తర్వాత అది పక్కన పెట్టేసి ఆ పిల్లనే చూశాను. ఇరవై అయిదు నిమిషాలు. నాకు ఒక్క సైగ అర్థం కాలేదు, అయినా కళ్ళు తిప్పలేకపోయాను. జనవరిలో వచ్చి చేరమని వాళ్ళు చెప్పగానే జీవమ్మ నేల మీద కూర్చుండిపోయింది.

నువ్వు లైను ఆపేశాక జరిగింది ఇది. జీవమ్మను పక్కన నిలబెట్టుకుని, నేను చెప్పేది సైగల్లో చెప్పమన్నాను. లైను చెడగొట్టింది నేనే అన్నాను. ఆగస్టులోనే తెలిసినా నెల రోజులు చెప్పలేదు, సెప్టెంబరులో మార్చాను అన్నాను. నిస్సీ తల్లి చేతుల వైపే చూస్తోంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా నాకు తెలియదు కదా అన్న పిరికి ఆలోచన కూడా వచ్చింది.

తిట్టలేదు. మెల్లగా ఏదో అడిగింది. జీవమ్మ దాన్ని నాకు మాటల్లో చెప్పింది.

"మీ అక్క సైగలు బాగుంటాయి, నావే చెడిపోతాయి అని ఆయమ్మను చూసి శానా ఏడ్చిందప్పా. లైను అన్నిట్లోకి మంచిదని మీ ఆఫీసోళ్ళు చెప్పినారని మేమే చెప్తిమి గదా. అయితే తప్పు నా చేతుల్లోనే ఉండాదనుకునింది. దినామూ అద్దం ముందర నిలబడి గంటసేపు చేతులు తిప్పేది. సెప్టెంబరులో బొమ్మ బాగైతే, అద్దం ముందర నేర్చుకునిందానికి చేతులు బాగైనాయని శానా సంబరపడింది. ఇప్పుడు అడుగుతాండాది, నా చేతులు ముందునుంచీ బాగానే ఉన్నాయా అని."

మనమిద్దరం మూడు నెలలు ఊరందరినీ అనుమానించాం అక్కా. ఆ పిల్ల ఎవరినీ అనుమానించలేదు, తన చేతులను తప్ప.

అవునని తల ఊపాను. దానికి జీవమ్మ సాయం అవసరం లేకపోయింది. నిస్సీ నా వైపు చూడలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకుంది.

నీ తమ్ముడు,
కుమార్